ముందు మీ చెల్లెలి ఫోన్ ఆమెకి ఇచ్చేయండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతుని. మా చెల్లెలికి ముప్పై రెండేళ్లు, బీఎస్సీ బీఈడీ చేసింది. తొమ్మిదేళ్ల కిందట నెల్లూరు సంబంధం చేశాం. ఏడేళ్ల పాప. బావకి తాగుడు లేదు, పేకాట లేదు, ఫైనాన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఒక్కసారి కూడా కొట్టలేదని మా చెల్లెలే చెబుతుంది. పెళ్లిరోజుకి వెంకటగిరి చీర కూడా తెస్తాడు. కానీ టీచరు ఉద్యోగం మాన్పించాడు. ఏటీఎం కార్డు అతని దగ్గరే. కూరగాయలు కొన్నా చీటీ ఫోటో తీసి పంపాలి. మధ్యాహ్నం వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపించమంటాడు. మా అమ్మ పెద్దకర్మకి వచ్చినప్పుడు భోజనాలు కాకముందే ఫోన్ మీద ఫోన్ చేసి తీసుకెళ్లిపోయాడు. దసరాకి పాపతో వచ్చేసింది, ఇక వెళ్లనంటోంది. ఇప్పుడు మా ఇంట్లో కూడా "మజ్జిగ పోసుకోనా వదినా" అని అడిగి పోసుకుంటోంది. బజారుకెళ్లొస్తే చీటీలు మడిచి డబ్బాలో దాస్తోంది. మొన్న రాత్రి తనే అతనికి ఫోన్ చేసి ఏడ్చింది. నాకు ఒళ్లు మండి ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టాను. ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటామన్నారు. "చెయ్యి చేసుకోడు, చెడు అలవాట్లు లేవు, మరి నీ బాధేంటమ్మా" అంటే తన దగ్గర జవాబు లేదు. సర్దిచెప్పి పంపించమంటారా? కేసు పెట్టమంటారా? తనకేమైనా మానసిక సమస్య ఉందంటారా?
ఒక అన్న, ప్రకాశం జిల్లా

సమాధానం: ఆదివారం సంగతి, కేసు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు బీరువా తెరిచి మీ చెల్లెలి ఫోన్ తన చేతికివ్వండి. మీరు ప్రేమతోనే తీశారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఎవరితో మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో తొమ్మిదేళ్లపాటు ఇంకొకరు చెబితే నడుచుకున్న మనిషి ఆమె. ఆ పని ఇప్పుడు మీరు చేస్తున్నారు. ఎందుకింత గట్టిగా అంటున్నానో ముందుకెళ్తే మీకే అర్థమవుతుంది.

మీ ఉత్తరం చదివినంతసేపూ నన్ను ఆ చీటీలే వదల్లేదు. లెక్క అడిగే మనిషి నెల్లూరులో ఉన్నాడు. తనున్నది లెక్క అడగని ఇల్లు. అయినా రెండు కట్టల తోటకూర చీటీ పారేయడానికి తనకి చెయ్యి రావడం లేదు. రేపెవరైనా అడిగితే ఏం చెప్పాలన్న భయం ఇంకా లోపలే ఉంది. పెద్దమనుషులు అడగాల్సింది ఆ భయం ఎక్కణ్నించి వచ్చిందని. వాళ్లేమో ఒంటి మీద దెబ్బ వెతుకుతున్నారు.

మీ చెల్లెలు పడిన దాన్ని పరిశోధకులు కోయెర్సివ్ కంట్రోల్ అంటారు. మనిషిని నాలుగు వైపుల నుంచీ బిగించి, తన బతుకు తను నడుపుకోలేని స్థితికి తేవడం. అమెరికాకి చెందిన సమాజశాస్త్రవేత్త ఇవాన్ స్టార్క్ గృహహింస బాధితులతో చాలా ఏళ్లు పనిచేసి, 2007లో దీని గురించి వివరంగా రాశాడు. గృహహింస అనగానే పోలీసులూ డాక్టర్లూ కోర్టులూ దెబ్బలు లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోతున్నారని, ఆడమనిషి స్వేచ్ఛ మొత్తం పోతున్న సంగతి ఎవరి లెక్కలోకీ రావడం లేదని ఆయన వాదన. డబ్బు, రాకపోకలు, బట్టలు, ఫోన్, నిద్ర, ఇవి ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న విషయాలే. కూర లెక్క అడిగితే తప్పేంటని మీ ఊళ్లో ఎవరైనా అంటారు. అన్నీ కలిపి, ఏళ్ల తరబడి, చెప్పింది చేయకపోతే ఏమవుతుందోనన్న భయంతో సహా చూస్తేనే అసలు రూపం తెలుస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చట్టం దీన్ని నేరంగా గుర్తించింది. ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. అక్కడ ఆ కేసు నిలబడాలంటే ఒక్క దెబ్బ కూడా తగిలి ఉండక్కర్లేదు.

కొట్టకుండా మనిషి ఇంతగా ఎలా లొంగుతుందని మీకు అనిపిస్తుండొచ్చు. కొరియా యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కిన అమెరికా సైనికులు కొందరు తాము చేయని నేరాలు చేశామని ఒప్పుకున్నారు. యుద్ధంలో ఆరితేరిన మగవాళ్లు. చిత్రహింసలు తట్టుకోలేక ఒప్పుకొని ఉంటారని జనం అనుకున్నారు. ఆల్బర్ట్ బిడర్‌మన్ అనే పరిశోధకుడు తిరిగొచ్చిన వాళ్ల అనుభవాలు సేకరించి, వాళ్లని లొంగదీసిన పద్ధతులు ఎనిమిదింటిని 1957లో ఒక పట్టికగా ఇచ్చాడు. నలుగురి నుంచి విడదీయడం, ధ్యాసంతా తమ మీదే ఉండేలా చూడటం, తిండీ నిద్రా దెబ్బతీసి నీరసపరచడం, బెదిరించడం, అప్పుడప్పుడు కాస్త దయ చూపడం, తమను మించినవాడు లేడనిపించడం, అవమానించడం, అర్థంపర్థం లేని చిన్న చిన్న నియమాలు పాటించి తీరాలనడం. మనిషిని లొంగదీయడానికి కొట్టాల్సిన అవసరం లేదని ఆయన తేల్చాడు. 1973లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ చిత్రహింసల మీద ఇచ్చిన నివేదికలో ఆ పట్టికనే వాడింది. ఆ తర్వాత గృహహింస బాధితుల మధ్య పనిచేసేవాళ్లు దాన్ని చూసి, ఇవన్నీ మేం ఇళ్లల్లో చూస్తున్నవే కదా అన్నారు.

ఇప్పుడు మీరే రాసిన మాటలు ఆ పట్టిక పక్కన పెట్టుకుని చూడండి. అమ్మ పెద్దకర్మ నాడు విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోవడం. మధ్యాహ్నం వీడియో కాల్‌లో వంటిల్లు, పడగ్గది తిప్పి చూపించడం. చీటీ ఫోటో. ఉద్యోగం పోవడం. మధ్యలో ఒక వెంకటగిరి చీర. ఆ చీర కూడా పట్టికలో ఉంది. పెద్దమనుషులు దాన్ని అతని మంచితనానికి సాక్ష్యంగా చూపిస్తారు, జాగ్రత్త.

చీర మాట వచ్చింది కాబట్టి, మీ కోపానికి కారణమైన ఆ రాత్రి ఫోన్ గురించి చెబుతాను. కెనడా పరిశోధకులు డొనాల్డ్ డటన్, సూజన్ పెయింటర్ 1980ల మొదట్లోనే దీని మీద రాశారు. హింసించే మనిషే మధ్యమధ్యలో దయ చూపిస్తుంటే, ఎప్పుడు ఏది వస్తుందో తెలియకపోతే, బాధపడే మనిషికి అతని మీద పట్టుకుపోయినట్టు ఒక అనుబంధం పెరుగుతుంది. వాళ్లు 1993లో, అలాంటి మగవాళ్లను వదిలి వచ్చిన 75 మంది స్త్రీల మీద అధ్యయనం ప్రచురించారు. విడిపోయిన ఆరు నెలల తర్వాత ఆ అనుబంధం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అంటే దసరాకి వచ్చిన మీ చెల్లెలికి ఇప్పటికీ అతని గొంతు వినాలనిపించడం అనుకోని విషయమేమీ కాదు. తన బాధ అబద్ధమనీ దానికి అర్థం రాదు. మీరు ఆ రాత్రి కోప్పడటం వల్ల జరిగిందల్లా ఏమిటంటే, ఈసారి అతనికి ఫోన్ చేస్తే మీకు తెలియకుండా చేస్తుంది. అది తనకి ఇంకా ప్రమాదం.

తనకి మానసిక సమస్య ఉందా అన్నారు. ఆదివారం ఈ మాట మీ నోటి నుంచి గానీ మీ బంధువుల నోటి నుంచి గానీ రానివ్వకండి. పాప ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ వచ్చిన రోజు అవతలివాళ్లు దాన్ని పట్టుకుంటారు. ఇక అసలు జవాబు. ఇలాంటి కట్టడిలో బతికిన వాళ్ల మీద జరిగిన పదుల కొద్దీ అధ్యయనాలను ఆస్ట్రేలియా పరిశోధకులు ఈమధ్యే ఒకచోట చేర్చి చూశారు. పీటీఎస్‌డీ అనే తీవ్ర మానసిక గాయం లక్షణాలు, డిప్రెషన్, ఈ రెండింటికీ కోయెర్సివ్ కంట్రోల్‌తో స్పష్టమైన సంబంధం కనబడింది. అంతకు చాలాముందే, 1992లో, అమెరికా మానసిక వైద్యురాలు జూడిత్ హర్మన్ ఇంకో సంగతి రాసింది. బందీలుగా ఉండి బయటపడ్డవాళ్లలో, ఇంట్లో ఏళ్ల తరబడి అణగిమణిగి బతికిన స్త్రీలలో ఒకే రకం లక్షణాలు కనిపిస్తున్నాయని. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడటం, తను పనికిరానిదాన్ననుకోవడం, ఎవరినీ నమ్మలేకపోవడం, ఒక్కోసారి ఏ భావమూ లేనట్టు మొద్దుబారిపోవడం. ఆమె దానికి కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని పేరు పెట్టింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో అది ఇప్పుడు ఉంది. మీ చెల్లెలికి అదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పకూడదు, అది డాక్టరు చూసి చెప్పాలి. ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్యులుంటారు. ముందు ఫోన్లోనే ఎవరితోనైనా మాట్లాడతానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. వెళ్లాలా వద్దా అన్నది మాత్రం తన ఇష్టం.

హర్మన్ చెప్పిన ఇంకో మాట కోసమే మొదట ఫోన్ సంగతి ఎత్తాను. ఇలాంటి మనిషి కోలుకోవాలంటే పోయిన అధికారం తన చేతికి తిరిగి రావాలి. తన మంచికే అయినా సరే, ఆ అధికారాన్ని ఇంకొకరు లాక్కుంటే కోలుకోవడం జరగదని ఆమె గట్టిగా చెబుతుంది. మీ ఇంట్లో మీరు చేయగలిగిన వైద్యమంతా ఇందులోనే ఉంది.

మజ్జిగ దగ్గరే చూడండి. తను అడిగినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు? "ప్రతిదానికీ అడుగుతావేంటి, ఇది నీ ఇల్లు కాదా" అంటున్నారా? అది మీకు ఆప్యాయత. తన చెవికి మాత్రం ఇంకో తప్పు చేశానన్నట్టే వినబడుతుంది. "పోసుకోమ్మా, గిన్నె అక్కడుంది" అని మీ భార్య మామూలుగా అని తన పనిలో తను ఉంటే చాలు. అనుమతి అడిగే అలవాటు నెమ్మదిగా అదే పోతుంది. "ఏం వండమంటావు" అని ఒక్కసారిగా అడిగితే కంగారు పడొచ్చు. "వంకాయా, బెండకాయా" అని అడగండి. ఇది మరీ చిన్నపిల్లలతో చేసినట్టుందని మీకు అనిపించొచ్చు. తను ఏది కావాలంటే దానికి వంక పెట్టకుండా తినండి, నాలుగు రోజుల్లో మీకే తేడా తెలుస్తుంది.

డబ్బు ఇంకా ముఖ్యం. తన ఒక్కదాని పేరుమీద బ్యాంకు ఖాతా తెరిపించండి. పాస్‌బుక్, కార్డు, పిన్ నంబరు తన దగ్గరే ఉండాలి. అందులో మీరు వేసేది ఎంత తక్కువైనా పర్వాలేదు, లెక్క మాత్రం అడగొద్దు. చీటీల డబ్బా జోలికి వెళ్లకండి. అది ఎప్పుడు పారేయాలో తనే పారేస్తుంది. ఉద్యోగం కూడా అంతే. దగ్గర్లో స్కూళ్లున్నాయి, తనకి బీఈడీ ఉంది, మీరు రేపే మాట్లాడేసి చేర్పించాలనుకుంటారు. ఆగండి. ఏ స్కూలో, ఎప్పుడో తను చెప్పనివ్వండి.

ఇప్పుడు మీ దగ్గర పొగాకు గ్రేడింగ్ పనులు ఉంటాయి కదా. షెడ్డు కింద పదిమంది ఆడవాళ్లు ఆకు ఏరుతూ కబుర్లు చెప్పుకుంటారు. తను వాళ్లలో కూర్చోవడం లేదనుకుంటాను. బలవంతం చేయకండి. కానీ కూర్చునే దారి తెరిచి ఉంచండి, మీ భార్య "రా, కాసేపు కూర్చుందాం" అంటే తప్పులేదు. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఏం జరిగిందో మీ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రాత్రి బడి చదువులకొచ్చిన ఆడవాళ్లు ఎవరింటి గొడవ వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. సారా వల్ల నా ఒక్క ఇంటికే ఈ గతి పట్టిందనుకున్న ప్రతి మనిషికీ అది ఊరందరి బాధని తెలిసింది. దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు ముందుకొచ్చి సారా దుకాణాలు మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వమే సారాని నిషేధించింది. మీ బావ తొమ్మిదేళ్లూ జాగ్రత్తగా జరగకుండా చూసింది సరిగ్గా అదే, ఇంకో ఆడమనిషితో కూర్చుని మనసు విప్పి మాట్లాడటం. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో శారీరక, లైంగిక హింస పడిన స్త్రీలనే తీసుకున్నా, ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమే. దెబ్బలే తగలని మీ చెల్లెలి లాంటివాళ్లు ఏమని చెప్పుకుంటారు, ఎవరితో చెప్పుకుంటారు?

పాప సంగతి మీరు ఒక్క ముక్కే రాశారు. ఆ పిల్ల కూడా ఆ ఇంట్లోనే పెరిగింది. బ్రిటన్‌లో ఎమ్మా కాట్జ్ అనే పరిశోధకురాలు ఇలాంటి ఇళ్ల తల్లులతో, పిల్లలతో విడివిడిగా మాట్లాడింది. తల్లి పుట్టింటికి వెళ్లలేకపోతే పిల్లలకి అమ్మమ్మ లేకుండా పోతుంది. తల్లికి తీరిక లేకుండా చేస్తే పిల్లలకి ఆట లేకుండా పోతుంది. కట్టడి ఇద్దరి మీదా పడుతుంది. పాప మరీ బుద్ధిగా, చప్పుడు చేయకుండా ఉంటే "బంగారు తల్లి" అని మురిసిపోయి వదిలేయకండి. దానిని పిల్లకాయలతో వీధిలో ఆడుకోనివ్వండి. వాళ్ల నాన్న గురించి తన ఎదుట తిట్టొద్దు, తన చేత ఏ కబురూ పంపొద్దు.

ఇక ఆదివారం. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆ పంచాయతీ జరగకూడదు. పదిమంది మగవాళ్ల మధ్య, అతను ఎదురుగా కూర్చుని ఉండగా, తనకి నోరు పెగలదు. అతను ఒక్కసారి దగ్గినా, కళ్లతో చూసినా దానర్థం తనకి తెలుస్తుంది, మీకెవరికీ తెలియదు. పైగా ఇలాంటి బాధలో చెప్పుకోవడానికి ఫలానా తారీఖు, ఫలానా సంఘటన అంటూ ఉండదు. ఒక్కొక్కటీ చెబుతుంటే తనకే చిన్నతనంగా అనిపిస్తుంది. అందుకే "బాధేంటమ్మా" అంటే జవాబు లేదు. ముందు తనని ఒంటరిగా అడగండి, కూర్చోవడం ఇష్టమేనా అని. వద్దంటే పెద్దమనుషుల దగ్గరికి మీరే వెళ్లి "ఇప్పుడు కుదరదు, మా చెల్లెలు సిద్ధంగా లేదు" అని చెప్పి రండి. మర్యాదగా చెబితే మీ వయసువాళ్లు అర్థం చేసుకుంటారు. కాదని గట్టిగా పట్టుబట్టిన వాళ్లని మీరు తిరిగి అడగండి: తొమ్మిదేళ్లలో తన చేతిలో సొంతంగా వంద రూపాయలు ఉన్నాయా? అడక్కుండా పుట్టింటికి రాగలిగిందా? అమ్మ పెద్దకర్మలో అన్నం తిననిచ్చారా?

ఇంకో ముఖ్యమైన విషయం. అతను ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా, చంపుతాననో చస్తాననో అన్నాడా, ఇప్పుడు వెంటపడి తిరుగుతున్నాడా? ఇవి మీరు కాదు, మీ భార్య నెమ్మదిగా అడగాలి. తను చెప్పినంతే వినాలి, గుచ్చి గుచ్చి అడగకూడదు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో 11 నగరాల్లో హత్యకు గురైన స్త్రీల కేసులు పరిశీలించి 2003లో చెప్పింది, విపరీతంగా కట్టడి చేసే మగవాడి నుంచి విడిపోయిన స్త్రీకి ప్రాణాపాయం, హింస పడిన మిగతా స్త్రీలతో పోలిస్తే దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువని. అంతవరకూ చెయ్యి ఎత్తని వాడు ఇకమీదా ఎత్తడని అనుకోవడానికి లేదు. పై వాటిలో ఒక్కదానికి అవునని వచ్చినా పంచాయతీ మాట పూర్తిగా మరిచిపోండి. 112కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. మీ సచివాలయంలో మహిళా పోలీస్‌కి ముందే చెప్పి ఉంచండి.

ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు తను సరేనంటేనే, తన ఎదుటే, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, అంటే తన వాట్సాప్ ఇంకే ఫోన్లోనో కంప్యూటర్లోనో తెరిచి ఉందేమో. గూగుల్ ఖాతా ఇంకెక్కడైనా తెరిచి ఉందేమో, లొకేషన్ ఎవరికైనా వెళ్తోందేమో చూడండి. అన్నీ ఒకేసారి ఆపేస్తే అతనికి అనుమానం వచ్చి రెచ్చిపోవచ్చు. ఏది, ఎప్పుడు ఆపాలో తనే చెప్పాలి. అతన్ని మీకంటే తనకే బాగా తెలుసు.

కేసు గురించి. మన గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. కొట్టడమే కాదు, మాటలతో మనసు విరగ్గొట్టడం, డబ్బు అందకుండా చేయడం కూడా అందులో హింసే. రక్షణ, ఖర్చులకి డబ్బు, పాప తన దగ్గరే ఉండేలా తాత్కాలిక ఆదేశం, ఇవన్నీ అడగొచ్చు. నెల్లూరు కోర్టుకే వెళ్లాలని లేదు, ఇప్పుడు తను ఉంటున్న చోటే వేయొచ్చు. క్రిమినల్ కేసు వేరు. భార్య పట్ల భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద ఉన్న పాత 498ఏ స్థానంలో 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లున్నాయి. క్రూరత్వమంటే ఏమిటో చెప్పేచోట మానసిక ఆరోగ్యానికి కలిగే హాని కూడా ఉంది. వీటిలో ఏది వేయాలో, అసలు వేయాలో వద్దో తేల్చుకునే ముందు ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. మీరు తోడు వెళ్లండి, లాయరుతో మాట్లాడేటప్పుడు మాత్రం బయట కూర్చోండి.

ఇవన్నీ విన్నాక కూడా తను తిరిగి వెళ్తానంటే? అనొచ్చు. ఒక్కసారే వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లకుండా ఉండగలిగేవాళ్లు తక్కువ. ఆ రోజు మీకు గుండె మండుతుంది. అయినా "మళ్లీ వస్తే ఈ ఇంట్లో చోటు లేదు" అనే మాట అనకండి. ఆ మాట కోసమే అతను ఎదురుచూస్తుంటాడు. తన ఆధార్, సర్టిఫికెట్లు, పాప పుట్టిన తేదీ కాగితం, బంగారం బిల్లులు ఉంటే అవి, అన్నిటికీ జిరాక్సులు తీయించి మీ ఇంట్లో ఉంచండి. మీ భార్యా తనూ కలిసి ఒక మాట అనుకోమనండి, ఫోన్లో ఆ మాట వస్తే వచ్చి తీసుకెళ్లమని అర్థం. నెల్లూరు నుంచి టంగుటూరు ఎంతో దూరం లేదు. ఏ వేళప్పుడు ఆ మాట వినబడినా బండి తీసుకుని బయల్దేరండి, కారణం దారిలో కూడా అడగొద్దు.